టెక్ వార్త చదివే పద్ధతి: ఆవలింత తెప్పించేది ముందు, ఉత్సాహం తెప్పించేది తర్వాత

ఆఫీసులో కంప్యూటర్లు, ప్రింటర్లు, నెట్‌వర్క్ చూసుకోవడం నా ఉద్యోగం. దాంతోపాటు జీతం లేని ఇంకో ఉద్యోగం కూడా నాకు అంటుకుంది. టెక్నాలజీ గురించి ఎక్కడ ఏ వార్త వచ్చినా ఎవరో ఒకరు ఫోన్ పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చేస్తారు. అడిగేవి రెండే ప్రశ్నలు. "ఇది నిజమేనా?" అని ఒకటి, "మన ఉద్యోగాలు ఉంటాయంటావా?" అని రెండోది. "ఇప్పుడు మనం చెయ్యాల్సింది ఏమైనా ఉందా?" అని మాత్రం ఎవరూ అడగరు. నన్నడిగితే అడగాల్సిన ప్రశ్న అదొక్కటే.

ఆ ప్రశ్న పట్టుకుని చదివితే ఒక విచిత్రం కనిపిస్తుంది. చూడగానే ఒళ్లు పులకరించే వార్తల్లో మనం చెయ్యాల్సింది దాదాపు ఏమీ ఉండదు. రెండో లైనుకే నిద్రొచ్చే వార్తలు మాత్రం నేరుగా మన ఫోన్లోకి, మన ఫైళ్లలోకి, మన పర్సులోకి వచ్చి కూర్చుంటాయి. అందుకే నేను అందరూ చదివే వరుసని తిరగేశాను. ఉత్సాహం వస్తే వాయిదా వేస్తాను, ఆవలింత వస్తే కుర్చీ దగ్గరికి లాక్కుని చదువుతాను. మీరూ అలా చదవాలంటే ఏం చెయ్యాలో చెబుతాను.

ముందు వార్త ఏ రకమో తేల్చుకోండి

హెడ్డింగ్ చదవగానే ఒక్క క్షణం ఆగండి. ఎవరైనా ఏదో తెస్తామంటున్నారా? ఏదో పోయిందని ఒప్పుకుంటున్నారా? ఏదో మూసేస్తున్నారా? నిబంధనలు మారుస్తున్నారా? లేక ఇద్దరు కుబేరులు ఒకరినొకరు తిట్టుకుంటున్నారా?

ఈ చివరి రకాన్ని వినోదం కోసం చదవచ్చు, తప్పులేదు. 2023లో ఎలాన్ మస్క్, మార్క్ జుకర్‌బర్గ్ బోనులో దిగి కొట్టుకుంటామని సవాళ్లు విసురుకున్నారు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు గెలుస్తారు అని వారాల తరబడి వార్తలు నడిచాయి. ఎవరూ ఎవరినీ కొట్టలేదు. ఆ వార్తలేవీ చదవనివాళ్లకు ఏ నష్టమూ జరగలేదు. చదివిన నాకు మాత్రం, వాళ్లిద్దరి ఎత్తూ బరువూ ఇప్పటికీ లీలగా గుర్తున్నాయి. ఆ జాగాలో ఏదైనా పనికొచ్చేది పెట్టుకోవాల్సింది.

హెడ్డింగ్ చివర ప్రశ్నార్థకం ఉంటే ఇంకా సులువు. ఇయాన్ బెటరిడ్జ్ అనే బ్రిటిష్ జర్నలిస్టు 2009లో చెప్పిన సూత్రం ఒకటుంది: ప్రశ్నార్థకంతో ముగిసే ఏ హెడ్డింగ్‌కైనా "కాదు" అని జవాబు చెప్పుకోవచ్చు. నిజమని నమ్మకం ఉంటే ప్రశ్న అడగరు కదా, చెప్పేస్తారు. "ఈ ఫోన్ ల్యాప్‌టాప్‌లకు చరమగీతం పాడుతుందా?" కాదు. ఇక మీ పని మీరు చూసుకోవచ్చు.

"త్వరలో వస్తోంది" అన్నవాటిని ఒక ఫైల్లో పడేయండి

టెక్ వార్తల్లో సింహభాగం ఇవే. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఉంటాయి. 2017 సెప్టెంబర్‌లో యాపిల్ స్టేజీ మీద ఎయిర్‌పవర్ అనే చార్జింగ్ పలకను చూపించింది. ఫోను, వాచీ, ఇయర్‌ఫోన్ల డబ్బా మూడూ దానిమీద ఎక్కడ పెట్టినా చార్జ్ అవుతాయన్నారు. 2019 మార్చిలో, మా ప్రమాణాలకు తగ్గట్టు చెయ్యలేకపోయాం, రద్దు చేస్తున్నాం అని ఒక చిన్న ప్రకటన ఇచ్చారు. మధ్యలో ఏడాదిన్నర పాటు ఆ పలక ఎప్పుడొస్తుంది, ఎంత ఉంటుంది, ఏ రంగుల్లో ఉంటుంది అని రాసిన వార్తలన్నీ లేని సోమలింగానికి చేసిన నామకరణాలే.

2019 ఏప్రిల్లో మస్క్, మరుసటి ఏడాదికల్లా డ్రైవర్ అవసరం లేని పది లక్షల టెస్లా ట్యాక్సీలు రోడ్డు మీద ఉంటాయన్నాడు. 2020 వచ్చింది, వెళ్లింది. డ్రైవర్లు లేని ఆ పది లక్షల ట్యాక్సీలు మాత్రం రాలేదు. అయినా ఆ మనిషి కొత్త తేదీ చెప్పినప్పుడల్లా పాత తేదీ ఏమైందని అడగకుండానే వార్త రాసేస్తారు.

మీరు చెయ్యాల్సింది ఇది. ఫోన్లో ఒక నోట్ ఫైల్ తెరిచి దానికి "చూద్దాం" అని పేరు పెట్టండి. ప్రకటన కనిపించగానే అందులో ఒక్క లైను రాయండి: ఎవరు, ఏమిటి, ఎప్పటికి అన్నారు. అంతే, వార్త మూసెయ్యండి. నెలకోసారి ఆ ఫైల్ తెరిచి ఒక్కో లైనునీ మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఈ రోజు డబ్బిస్తే దొరుకుతుందా? కంపెనీ పిలిచి కూర్చోబెట్టనివాళ్లు ఎవరైనా దీన్ని వాడి చూశారా? కొన్నాక నెలనెలా ఎవరికైనా ఏమైనా కడుతూ ఉండాలా? మొదటి ప్రశ్న దగ్గరే సగం లైన్లు రాలిపోతాయి.

రెండో ప్రశ్న ఎందుకంటే డెమోలకు బాగా మేకప్ వేస్తారు. 2023 డిసెంబర్‌లో గూగుల్ తన జెమినై అనే ఏఐ మోడల్ గురించి ఒక వీడియో వదిలింది. మనిషి బొమ్మ గీస్తుంటే, వస్తువులు చూపిస్తుంటే అది అక్కడికక్కడే గొంతుతో జవాబులు చెబుతున్నట్టు ఉంటుంది. తీరా చూస్తే, వీడియోలోంచి తీసిన ఫొటోలు చూపించి, ప్రశ్నలు టైపు చేసి రాబట్టిన జవాబులవి. గూగులే ఒప్పుకుంది. అదే ఏడాది ఫిబ్రవరిలో బార్డ్ అనే చాట్‌బాట్‌కు ఇచ్చిన యాడ్ ఇంకా ముచ్చట. మన సౌరకుటుంబం బయటి గ్రహాన్ని మొట్టమొదట ఫొటో తీసింది జేమ్స్ వెబ్ టెలిస్కోపేనని ఆ యాడ్‌లోనే చాట్‌బాట్ తప్పు చెప్పింది. అలాంటి మొదటి ఫొటో 2004లోనే చిలీలోని ఒక టెలిస్కోప్‌తో తీశారు. తప్పు బయటపడ్డ రోజు కంపెనీ మార్కెట్ విలువ దాదాపు 10,000 కోట్ల డాలర్లు పడిపోయింది. యాడ్‌ని ఒకసారి వాళ్ల సెర్చ్ ఇంజన్‌లోనే వెతికి చూసుకుని ఉంటే సరిపోయేది.

మూడో ప్రశ్నకు ఉదాహరణ కావాలంటే హ్యూమేన్ అనే కంపెనీ చేసిన ఏఐ పిన్. చొక్కాకు తగిలించుకునే పరికరం, ఇక ఫోన్ అక్కర్లేదన్నారు. 2024 ఏప్రిల్లో 699 డాలర్లకు అమ్మారు, పైగా నెలకు 24 డాలర్ల చందా. 2025 ఫిబ్రవరిలో కంపెనీ ఆస్తుల్ని హెచ్‌పీ కొనేసింది. ఆ నెలాఖరుకల్లా సర్వర్లు ఆపేశారు. పిన్ను చొక్కాకు తగిలించుకోవడానికి మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది.

ఇదంతా విని "అయితే అన్నీ అబద్ధాలే" అని తీర్మానించెయ్యకండి. వెటకారం కూడా తొందరపాటే. జీమెయిల్‌ని 2004 ఏప్రిల్ 1న ప్రకటించారు. ఉచితంగా ఒక గిగాబైట్ చోటు అనేసరికి, తేదీ కూడా ఏప్రిల్ ఒకటే అయ్యేసరికి, చాలామంది ఫూల్ చేస్తున్నారనే అనుకున్నారు. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్లో కాపీ-పేస్ట్ కూడా లేదు, అది 2009లో వచ్చింది. ఆ రెండేళ్లలో "కాపీ-పేస్ట్ కూడా లేని ఫోన్ ఎవడు కొంటాడు" అన్నవాళ్లున్నారు. నేను వాయిదా వెయ్యమంటున్నాను, కొట్టిపారెయ్యమనడం లేదు. నెలాఖరున ఫైల్ తెరిచినప్పుడు మూడు ప్రశ్నలూ దాటి నిలబడ్డ వస్తువుని పక్షపాతం లేకుండా చూడండి.

పేరు మార్చుకున్న కంపెనీల వార్తలకు ఈ ఫైల్లో కూడా చోటివ్వకండి. 2017 డిసెంబర్‌లో, క్రిప్టో కరెన్సీలూ వాటి వెనకున్న బ్లాక్‌చెయిన్ సాంకేతికతా వేడి మీద ఉన్నప్పుడు, ఐస్‌డ్ టీ అమ్ముకునే లాంగ్ ఐలాండ్ అనే అమెరికన్ కంపెనీ తన పేరును లాంగ్ బ్లాక్‌చెయిన్‌గా మార్చుకుంది. షేరు ఒక్క రోజులో రెట్టింపు దాటింది. మరుసటి ఏడాది నాస్‌డాక్ స్టాక్ ఎక్స్ఛేంజి దాన్ని జాబితాలోంచి తీసేసింది. టీ టీగానే ఉంది.

సంఖ్య కనిపిస్తే దాని పక్కన ఇంకో సంఖ్య పెట్టండి

2025 జూన్‌లో "1,600 కోట్ల పాస్‌వర్డ్‌లు లీక్" అని వార్త. ఆ రోజు నా టేబుల్ దగ్గర క్యూ కట్టారు. భూమ్మీద ఉన్న జనాభా సుమారు 800 కోట్లు. అందులో పసిపిల్లలున్నారు, జీవితంలో ఒక్క అకౌంటు తెరవని పెద్దలున్నారు. అలాంటప్పుడు తలకు రెండు చొప్పున పాస్‌వర్డ్‌లు ఒకే చోటినుంచి ఎలా పోతాయి? ఈ ఒక్క భాగహారం చేస్తే అనుమానం రావాలి. చివరికి తేలిందేమిటంటే, అది ఏ ఒక్క కంపెనీలోనూ జరిగిన కొత్త దొంగతనం కాదు. వైరస్ పట్టిన కంప్యూటర్లలోంచి రకరకాల సమయాల్లో ఊడ్చుకొచ్చిన పాత మూటల్ని కలిపి లెక్కేశారు. ఒకే పాస్‌వర్డ్ చాలాసార్లు లెక్కకొచ్చింది.

అలాగని సంఖ్యలన్నీ ఉబ్బించినవే అనుకోకూడదు. కంపెనీ తన నోటితో తన తప్పు గురించి చెప్పే సంఖ్య తక్కువ వైపుకి వాలుతుంది. 2013లో జరిగిన దొంగతనం గురించి యాహూ 2016 డిసెంబర్‌లో నోరు విప్పి వంద కోట్ల అకౌంట్లు అంది. 2017 అక్టోబర్‌లో సవరించి మూడు వందల కోట్లు, అంటే అప్పటికి ఉన్న అకౌంట్లన్నీ అంది. లింక్డ్‌ఇన్ సంగతీ ఇంతే. 2012లో 65 లక్షల పాస్‌వర్డ్‌లు అనుకున్నది 2016లో 11 కోట్లు దాటింది. కాబట్టి సంఖ్య ఎవరి నోటినుంచి వచ్చిందో చూడండి. భయపెట్టి భద్రతా సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు చెబితే రెండు మెట్లు దించండి, పరువు కాపాడుకోవాల్సినవాళ్లు చెబితే రెండు మెట్లు ఎక్కించండి.

ప్రయోగశాల సంఖ్యలకు పోటీదారుడి జవాబు కోసం ఆగండి. 2019లో గూగుల్, మా క్వాంటమ్ కంప్యూటర్ 200 సెకన్లలో చేసిన లెక్కకు పెద్ద సూపర్ కంప్యూటర్‌కైనా 10,000 ఏళ్లు పడుతుందంది. కాదు, సరిగ్గా చేస్తే రెండున్నర రోజులు చాలు అంది ఐబీఎం. తర్వాతి ఏళ్లలో ఇతర పరిశోధకులు మామూలు చిప్‌లతోనే దాన్ని గంటల్లో చేసి చూపించారు. ఇలాంటి వాదన తేలేదాకా మన ల్యాప్‌టాప్ మార్చుకోనక్కర్లేదు.

క్షమాపణ మెయిల్ చదవడం

ఇక్కడ ఆవలింతలు మొదలవుతాయి, కాబట్టి ఇక్కడ నెమ్మదిగా చదవాలి. డేటా పోయిన కంపెనీలు చావు కబురు చల్లగా చెప్పడంలో ఆరితేరాయి. "మీ గోప్యత మాకు ఎంతో ముఖ్యం" అనే వాక్యంతో మెయిల్ మొదలైందంటే ఏదో పోయిందని అర్థం. ఏమీ పోనివాడు ఆ మాట చెప్పడానికి పనిగట్టుకుని మెయిల్ పంపడు. "దుర్వినియోగం అయినట్టు ఎలాంటి ఆధారాలూ లభించలేదు" అంటే ఇంకా వెతుకుతున్నారనో, వెతకడానికి కావాల్సిన లాగ్‌లు, అంటే ఎవరెప్పుడు ఏం చేశారో నమోదయ్యే చిట్టాలు, అసలు దాచలేదనో అనుకోవచ్చు. "కొద్దిమంది వినియోగదారులు" అనేది ఎంతమందైనా కావచ్చు. "అత్యంత అధునాతన దాడి" అని చదివినప్పుడల్లా నాకు ఒక అలవాటుంది, ఎవరో పాత పాస్‌వర్డ్ మార్చడం మరిచిపోయి ఉంటారని పందెం కాస్తాను. తరచుగా గెలుస్తాను.

ఇలాంటి మెయిల్లో వెతకాల్సింది ఒక్కటే, పోయినవి ఏమిటి. ఈమెయిల్ చిరునామా మాత్రమే పోతే మోసపు మెయిళ్లు పెరుగుతాయి, కాచుకోండి. పాస్‌వర్డ్ పోతే ఆ అకౌంట్లో మార్చండి, అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడ వాడారో అక్కడ కూడా మార్చండి. ముఖ్యమైనది ఆ రెండోదే, ఎందుకంటే దొంగలు ఒకచోట దొరికిన పాస్‌వర్డ్‌ని వంద చోట్ల ప్రయత్నించి చూస్తారు. రెండంచెల లాగిన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగేది) ఆన్ చెయ్యండి. మెయిల్లో ఇచ్చిన లింకు నొక్కకండి, బ్రౌజర్లో చిరునామా మీరే టైపు చేసుకుని వెళ్లండి. మీ మెయిల్ ఐడీ ఏయే లీకుల్లో ఉందో ట్రాయ్ హంట్ అనే ఆస్ట్రేలియా నిపుణుడు 2013 నుంచి నడుపుతున్న హ్యావ్ ఐ బీన్ పోన్డ్ అనే సైట్లో చూసుకోవచ్చు. చూసుకున్నాక కాసేపు దిగులుగా ఉంటుంది. మామూలే.

పాస్‌వర్డ్‌ల మాట వచ్చింది కాబట్టి నా కడుపుమంట ఒకటి. మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చాలి, అందులో పెద్దక్షరం, అంకె, వింత గుర్తు ఉండాలి అనే ఆచారానికి మూలం అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో వేసిన ఒక పత్రం. దాన్ని రాసిన బిల్ బర్ 2017లో, నేను రాసినదాంట్లో చాలావాటికి ఇప్పుడు చింతిస్తున్నానని పత్రికకు చెప్పాడు. అదే ఏడాది నిస్ట్ కూడా కారణం లేకుండా గడువు పెట్టి పాస్‌వర్డ్ మార్పించొద్దని కొత్త సూచనలిచ్చింది. ఇది పెద్ద వార్త కావాల్సింది. ఆ వారం ఎవరూ ఫోన్ పట్టుకుని నా దగ్గరికి రాలేదు. ఆఫీసుల్లో ఇప్పటికీ జనం పాత పాస్‌వర్డ్ చివర ఉన్న ఒకటిని రెండు చేసి, రెండుని మూడు చేసి, ఆ అంకెను మానిటర్ కింద పసుపు చీటీ మీద రాసి అంటిస్తున్నారు.

నిద్రొచ్చే వార్తలు: ఇక్కడ కాఫీ తెచ్చుకోండి

మొదటి రకం, మద్దతు ముగింపు తేదీలు, అంటే కంపెనీ అప్‌డేట్‌లు పంపడం ఆపేసే రోజులు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. మామూలు వినియోగదారులకు ఏడాది పాటు అదనపు భద్రతా అప్‌డేట్‌ల పథకం పెట్టారు గానీ, అవి చేరినవాళ్లకే. ఈ తేదీ ఏళ్ల ముందే ప్రకటించారు. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలని కూడా ముందే చెప్పారు. కానీ ఈ రెండు వాక్యాల్లో ఒళ్లు పులకరించేది ఏమీ లేదు, అందుకే ఎవరూ ఫార్వర్డ్ చెయ్యలేదు. మీ దగ్గరున్న ప్రతి పరికరానికీ, ఫోనైనా రూటరైనా, ఇలాంటి తేదీ ఒకటి ఉంటుంది. మోడల్ పేరుతో వెతికి క్యాలెండర్లో వేసుకోండి. అరగంట పని.

రెండో రకం, మూసివేతలు. కొన్న వస్తువు మనదే అనే భ్రమ ఇక్కడ తొలగుతుంది. రివాల్వ్ అనే కంపెనీ ఇంట్లో లైట్లూ తాళాలూ ఫోన్‌తో నడిపే డబ్బా అమ్మింది, 300 డాలర్లు. దాన్ని గూగుల్ వాళ్ల నెస్ట్ కొనేసింది. 2016 మేలో సర్వర్ ఆపేసింది, డబ్బా డబ్బాగా మిగిలింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసేస్తే కొనుక్కున్నవాళ్ల పుస్తకాలు మాయమైపోయాయి. డబ్బు తిరిగిచ్చారు, నిజమే. సగం చదివిన పుస్తకంలో మిగతా సగాన్ని డబ్బుతో పూర్తి చెయ్యలేం కదా. మూసివేత వార్త చూస్తే వెంటనే రెండు పనులు చెయ్యండి: మీ డేటా దింపుకునే బటన్ ఎక్కడుందో కనుక్కోండి, దానికి చివరి తేదీ ఏమిటో చూడండి. చివరి రోజు దాకా ఆగితే అందరూ ఆ రోజే వస్తారు.

మూడో రకం, నిబంధనల మార్పు. జూమ్ 2023 మార్చిలో తన నిబంధనలు మార్చింది. ఆగస్టులో ఎవరో ఓపిక ఉన్న పుణ్యాత్ములు వాటిని చదివి, మన మాటల్ని ఏఐకి శిక్షణ ఇవ్వడానికి వాడుకునేలా ఉందే అని గోల పెట్టారు. గోల పెరిగాక కంపెనీ వెనక్కి తగ్గి, మీ ఆడియో, వీడియో, చాట్ అలా వాడబోమని రాసింది. ఎవరూ చదవకపోతే ఏమయ్యేదో ఊహించుకోండి. మొత్తం చదవమని నేను అనను, నేనూ చదవను. పేజీలో వెతుకుడు పెట్టి "శిక్షణ", "మూడో పక్షం", "బదిలీ" అనే అర్థం వచ్చే మాటలు ఎక్కడున్నాయో చూసి ఆ పేరాలు మాత్రం చదువుతాను. బదిలీ ఎందుకంటే, కంపెనీ దివాలా తీస్తే మన డేటా కూడా ఆస్తుల జాబితాలోకి వెళ్తుంది. 2025 మార్చిలో జన్యు పరీక్షల కంపెనీ 23అండ్‌మీ దివాలా రక్షణ కోరింది. ఉమ్మి పంపి తాతముత్తాతల లెక్క తెలుసుకున్నవాళ్లంతా, ఇప్పుడు మా ఉమ్మి వివరాలకు ఓనరెవరు అని కంగారుపడి డిలీట్ బటన్ కోసం పరుగెత్తారు.

నాలుగోది నాకు ప్రాణం. ఎవరూ పేరు వినని చిన్న సాఫ్ట్‌వేర్ల గురించిన వార్తలు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన కంప్యూటర్లో లాగిన్ అవ్వడానికి దాదాపు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. మనమైతే నెట్ స్లో అనుకుని ఊరుకుంటాం. ఆయన ఊరుకోకుండా తవ్వాడు. తవ్వితే ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లు కుదించే చిన్న సాఫ్ట్‌వేర్‌లో ఎవరో దొంగతలుపు పెట్టారని తేలింది. పెట్టిన శాల్తీ రెండేళ్లకు పైగా ఆ ప్రాజెక్టులో బుద్ధిగా సాయం చేసి, నమ్మకం సంపాదించి, తాళాలు చేతికొచ్చాక ఆ పని చేశాడు. ప్రపంచంలోని లెక్కలేనన్ని లైనక్స్ సర్వర్లకు చేరాల్సింది, అర సెకను మీద అనుమానం వల్ల ఆగిపోయింది. ఆ వారం మా ఆఫీసులో చర్చ మాత్రం మడతపెట్టే ఫోన్ల మీద నడిచింది.

దొరక్కపోతే ఎలా ఉంటుందో అదే ఏడాది జూలై 19న చూశాం. అది దాడి కూడా కాదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన మామూలు అప్‌డేట్‌లో ఇరవై ఒక్క గడులు ఉన్నాయి, దాన్ని చదివే ప్రోగ్రామ్‌కు ఇరవై మాత్రమే అందుతున్నాయి. ఇరవై ఒకటోదాని కోసం చెయ్యి చాపి, లేని చోట తడిమి కూలబడింది. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపించాయి. విమానాలు ఆగాయి, ఆసుపత్రులు కాగితం మీదికి వచ్చాయి. తప్పు ఫైల్‌ని గంటన్నర లోపే వెనక్కి తీసుకున్నారు, కానీ అప్పటికే పడిపోయిన వాటిలో చాలా కంప్యూటర్ల దగ్గరికి మనిషి వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఒక ఫైల్ చేత్తో తీసెయ్యాల్సి వచ్చింది. డిస్క్‌కు తాళం (ఎన్‌క్రిప్షన్) ఉంటే 48 అంకెల రికవరీ కీ కూడా కొట్టాలి. నా వృత్తిలో ఉన్నవాళ్లు ఈ వాక్యం చదివితే నడుం పట్టుకుంటారు. ఇలాంటి వార్తలో మీరు చూడాల్సింది "ఎవరి తప్పు" అనేదాని కంటే "ఆ రికవరీ కీ నాకు ఎక్కడుంది" అనేది. లేచి వెతుక్కోండి. ఆ కంప్యూటర్లోనే దాచుకుని ఉంటే ఇంకోచోట రాసుకోండి.

ఏఐ వార్తలకు ఒక చిట్కా

హెడ్డింగ్‌లో "ఏఐ" అన్నచోట "సాఫ్ట్‌వేర్" అని పెట్టి చదవండి. "సాఫ్ట్‌వేర్‌తో నడిచే టూత్‌బ్రష్", "సాఫ్ట్‌వేర్ వాడుతున్నామని ప్రకటించిన కంపెనీ". చప్పబడిపోయిందంటే దాటెయ్యండి. చప్పబడకుండా నిలబడితే అది నిజంగా కొత్త సంగతి, చదవండి.

ఉద్యోగాల జోస్యాలకు మాత్రం "చూద్దాం" ఫైలే గతి. జెఫ్రీ హింటన్ ఈ రంగంలో పెద్దాయన, 2024లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నాడు. ఆయనే 2016లో, ఎక్స్‌రేలు స్కాన్లు చదివే రేడియాలజిస్టులకు ఇక శిక్షణ ఆపెయ్యాలి, అయిదేళ్లలో యంత్రాలు వాళ్లకంటే బాగా చదువుతాయన్నాడు. అయిదేళ్లు దాటి చాలాకాలమైంది, రేడియాలజిస్టుల కొరత మాత్రం అలాగే ఉంది. అంత పెద్దాయనే తేదీ తప్పాడంటే, నిన్న స్టార్టప్ పెట్టి రేపు పెట్టుబడి అడగబోయే కుర్రాడు చెప్పే తేదీని మీరు ఎంత బరువుగా తీసుకోవాలో మీ ఇష్టం.

ఏఐ వార్తల్లో చదవాల్సినవి కోర్టు వార్తలు. అక్కడ ఎవరూ డెమో చూపించరు, ఎవరు కట్టాలో తేలుస్తారు. 2024 ఫిబ్రవరిలో కెనడాలో ఒక తీర్పు వచ్చింది. కుటుంబంలో పెద్దావిడ చనిపోయి ప్రయాణం పెట్టుకున్న ఒకాయనకు ఎయిర్ కెనడా చాట్‌బాట్, ముందు టికెట్ కొనుక్కో, తర్వాత తగ్గింపు అడగొచ్చు అని చెప్పింది. అడిగితే కంపెనీ కుదరదంది. పైగా ఆ చాట్‌బాట్ చెప్పినదానికి బాధ్యత చాట్‌బాట్‌దే అన్నట్టు వాదించింది. ట్రైబ్యునల్ ఒప్పుకోలేదు, డబ్బు కట్టించింది. అంతకుముందు ఏడాది న్యూయార్క్‌లో లాయర్లు చాట్‌జీపీటీ కల్పించిన, అసలు జరగని కేసుల్ని కోర్టులో ఉదహరించి 5,000 డాలర్ల జరిమానా కట్టారు. ఇలాంటి వార్త చదివాక చెయ్యాల్సిన పని వెంటనే తెలిసిపోతుంది: చాట్‌బాట్ ఏదైనా హామీ ఇస్తే స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి, అది ఏదైనా ఉదహరిస్తే అసలు పత్రం తెరిచి చూడండి.

ఫార్వర్డ్ చేసినవాళ్లకు ఏం చెప్పాలి

మేనేజర్ గారు ఏఐ వార్త పంపి "మనం కూడా చెయ్యాలి" అంటే, వాదించకండి. "తప్పకుండా సార్, ముందు ఏ పనికి పెడదాం?" అని జవాబివ్వండి. ఆ ప్రశ్నకు సమాధానం వచ్చేసరికి ఆయన చేతిలోకి ఇంకో వార్త వచ్చి ఉంటుంది. కొత్తగా చేరిన కుర్రాడు "అక్కా, ఇదొచ్చాక మన పని అయిపోయినట్టేగా" అంటే, ముందు ఆ మూడో అంతస్తు ప్రింటర్లో ఇరుక్కున్న కాగితం తీసి రమ్మనండి.

ఇంట్లోవాళ్లకు మాత్రం వెటకారం పనికిరాదు. భయపడి పంపుతారు, ప్రేమతో పంపుతారు. మా బాబాయ్ వారానికి నాలుగైదు పంపుతారు. "అకౌంటు మూసేస్తారట, ఇరవై నాలుగు గంటలే గడువట" అని మొన్న ఒకటి పంపితే వెంటనే ఫోన్ చేశాను. వార్త నిజమా కాదా అన్నది తర్వాత, ముందు అడగాల్సింది లింకు గురించి.

"బాబాయ్, అందులో లింకు ఉంది కదా, అది నొక్కారా?"

"అబ్బే, నొక్కలేదమ్మా. నువ్వు చెప్పావు కదా నొక్కొద్దని. గ్రూపులో అందరికీ పంపానంతే."